పట్టూ విడుపూ

లోకంలో గట్టిగా అంటించేవాడికి దొరికే మర్యాద, జాగ్రత్తగా ఊడదీసేవాడికి దొరకదు. ఫెవికాల్ డబ్బా మీద రెండు ఏనుగులు చెరోవైపూ లాగుతుంటాయి, మధ్యలో అతుకు మాత్రం ఊడదు. ఆ బొమ్మ చూస్తూ పెరిగిన తరం మాది. అందుకేనేమో, ఊడకపోవడమే మంచి అతుక్కి గుర్తని నమ్మేశాం. చెక్కకి పెట్టుకున్న ఆ సూత్రాన్నే స్నేహాలకీ, ఉద్యోగాలకీ, పార్టీల పొత్తులకీ అన్వయించేశాం. వదిలినవాడు ఓడినవాడు, పట్టుకుని వేలాడినవాడు మొనగాడు. ఉడుంపట్టు అని మెచ్చుకోలుగా అంటామే గానీ, ఆ ఉడుముని గోడ మీంచి దింపాల్సినవాడి అవస్థ ఏమిటని ఎవరూ అడగరు.

ఆ దింపాల్సినవాణ్ణి నేను.

హ్యూస్టన్‌కి ఆగ్నేయంగా, గాల్వెస్టన్ అఖాతం ఒడ్డున, కీమా అనే చిన్న ఊళ్లో నా తెరచాప పడవ ఉంటుంది. కాటలీనా 22 దాని రకం. పొడవు ఇరవై రెండడుగుల లోపే. రెండు తెరచాపలు, వంగి నడిస్తే నలుగురు పట్టే చిన్న గది. 1970 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మొదలై, అప్పట్నుంచి పదిహేను వేలకు పైగా తయారైన రకమిది. దీని అడుగున వేలాడే బరువైన కీల్‌ని పైకి ఎత్తుకోవచ్చు. సగటున రెండు మూడు మీటర్లకు మించి లోతులేని ఈ అఖాతంలో తిరిగేవాడికి అది పెద్ద సుఖం. ఎన్నో చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. పేర్‌ల్యాండ్ గుడి దగ్గర కలిసే తెలుగువాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎంతకి కొన్నారండీ?" రెండోది, "దాంతో ఏం చేస్తారండీ?" మొదటిదానికి కాస్త తగ్గించి చెబుతాను. రెండోదానికి నిజం చెబుతాను: ఎక్కువ భాగం బాగుచేస్తాను.

ఒడ్డున నిలబడి చూసేవాళ్లు పడవకి గండం కిందినుంచే వస్తుందనుకుంటారు. చిన్న పడవని మెల్లగా తినేసే నీళ్లు చాలావరకు పైనుంచే వస్తాయి. వాన, మంచు, అల జల్లు. డెక్ మీద కనిపించే ప్రతి సామానూ, అంటే తాళ్లు చుట్టే క్లీట్లు, అంచు వెంట కడ్డీలు నిలబెట్టే స్టాన్షన్ల పీటలు, తెరచాప తాడు బిగించే వించ్‌లు, కిటికీల చట్రాలు, అన్నీ డెక్‌కి చిల్లు పొడిచి బోల్టులేసి బిగించినవే. ఆ డెక్ ఏకాండీ పలక కాదు. పైనా కిందా పల్చటి ఫైబర్‌గ్లాస్ పొరలు, నడుమ చెక్క. కొన్ని పడవల్లో ప్లైవుడ్, కొన్నిట్లో బాల్సా. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. కానీ చిల్లు అంచున ఆ చెక్కకి తడి తగిలిందంటే ఇక ఆరే దారి లేదు. లోపల్లోపలే పాకుతుంది, నానుతుంది, కుళ్లుతుంది. అందుకే ప్రతి సామాను కిందా సీలెంట్ పరుస్తారు. అదేమో చిరంజీవి కాదు. అలకి డెక్ వంగినప్పుడల్లా సాగి, ముడుచుకుని, కొన్నేళ్లకి ఎక్కడో ఓచోట నోరు తెరుస్తుంది. అప్పుడు సామాను లేపి, పాతది గీకి, కొత్త సీలెంట్ వేసి, మళ్లీ కూర్చోబెట్టాలి. పడవ ఉన్నవాడికి తప్పని పని. ఆ పని జరగాలంటే ముందు సామాను లేవాలి కదా.

నా పడవ ముందుభాగంలో ఉన్న క్లీటు లేవలేదు. దాని చుట్టూ తెల్లటి జిగురు, ఎవరో వేలితో సాపు చేసిన గీతలతో సహా గట్టిపడిపోయి ఉంది. పక్క స్లిప్పులో పడవ కట్టుకునే పెద్దాయన, రిఫైనరీలో పైపులు బిగించి రిటైరయిన మనిషి, వంగి చూశాడు. గోటితో ఓసారి గీరాడు. "ఫిఫ్టీ టూ హండ్రెడ్," అన్నాడు. టోపీ సర్దుకుని తన పనికి తాను వెళ్లిపోయాడు. ఆ ఊళ్లో పరామర్శ అంటే అంతే.

త్రీఎమ్ 5200 పేరు తెలియని పడవవాడు ఉండడు. పాలియురెథేన్ జాతి జిగురు. గొట్టంలోంచి మెత్తగా వస్తుంది, గాల్లోని తేమ తాగి గట్టిపడుతుంది. చేతికి అంటకుండా పైపొర ఆరడానికే రెండు రోజులు, పూర్తి పట్టు రావడానికి వారం దాకా పడుతుంది. గాల్వెస్టన్ గాలిలో తేమకి కరువా! కాకినాడ ఉక్కపోతలో పుట్టిన నాకే ఇక్కడ చొక్కా వీపుకి అంటుకుంటుంది. ఇది శాశ్వతమైన అతుకుల కోసం చేసిన జిగురు, ఆ సంగతి చేసినవాళ్లు దాచుకోలేదు కూడా. తప్పు జిగురుది కాదు. నాకు ముందున్న యజమానుల్లో ఎవరో ఒకాయన, కొట్లో ఉన్నవాటన్నిట్లోకీ గట్టిది ఏదని అడిగి మరీ తెచ్చి ఉంటాడు. ఏ తుఫాను హెచ్చరిక విని తెచ్చాడో ఏమో. 2008లో ఐక్ తుఫాను గాల్వెస్టన్ మీద విరుచుకుపడ్డప్పుడు ఈ తీరంలో పడవలు రోడ్ల మీదికొచ్చి పడ్డాయి. అలాంటిది చూసినవాడు క్లీటు కింద ఏం పూసినా నేను నిష్ఠూరమాడలేను. కాకపోతే భయపడి కొన్న జిగురు వేసినవాడికి నిద్ర పట్టిస్తుంది, తర్వాత వచ్చినవాడికి నిద్ర చెడగొడుతుంది.

ఊడదీసే విద్యలో మొదటి పాఠం, బలం పనికిరాదని. కింద నట్లు విప్పేసి, పైన క్లీటు కింద పలుగు దూర్చి ఒక్క ఎత్తు ఎత్తారనుకోండి, క్లీటు వస్తుంది. దాంతోపాటు డెక్ మీది నున్నటి తెల్లపొర, జెల్‌కోట్ అనేది, పెచ్చులుగా లేచొస్తుంది. ఒక్కోసారి దాని కింది ఫైబర్‌గ్లాస్ కూడా చీరుకుని వస్తుంది. జిగురు మాత్రం క్లీటు అడుగున క్షేమంగా ఉంటుంది. అంటే ఈ అతుకులో అందరికన్నా బలవంతుడు జిగురు, అందరికన్నా బలహీనురాలు పడవ. ఎవరిని కాపాడ్డానికి ఎవరిని పెట్టామో ఆ లెక్కే తిరగబడిందన్నమాట.

రెండో పాఠం, ద్రావకాల మీద ఆశ పెట్టుకోకూడదని. పచ్చిగా ఉన్నప్పుడైతే అసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే పోతుంది. ఒకసారి గట్టిపడ్డాక అసిటోన్ ఆవిరైపోతుంది, జిగురు అక్కడే ఉంటుంది. దీనికో కారణం ఉంది. 1937లో జర్మనీలోని లెవర్‌కూజన్‌లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పాలియురెథేన్ విద్యకి మూలం ఐసోసైనేట్లు అనే రసాయనాలు. గొట్టంలో ఉన్నంతసేపూ అణువులు విడివిడి గొలుసులుగా ఉంటాయి. గాల్లోని నీటి ఆవిరి సోకగానే ఆ గొలుసుల కొసల్లో ఉన్న ఐసోసైనేట్లు దాంతో కలిసి, గొలుసుకీ గొలుసుకీ మధ్య లంకెలు వేసేస్తాయి. చివరికి ముద్ద ముద్దంతా ఒకే వలగా తయారవుతుంది. కరగడమంటే అణువులు ఒకదాన్నొకటి వదిలి ద్రావకంలోకి వెళ్లిపోవడం. ఇక్కడ వెళ్లడానికి విడిగా ఉన్న అణువే లేదు. మహా అయితే ద్రావకం లోపలికి చొరబడి కాస్త ఉబ్బిస్తుంది. ఈ పనికే అమ్మే ప్రత్యేకమైన స్ప్రేలున్నాయి. అవి కూడా అంచుల వెంట మెల్లగా లోపలికి పాకాలి గనక వాటికి టైమివ్వాలి. అసిటోన్‌తో ఇంకో ప్రమాదం ఏమిటంటే, పడవ కిటికీలు తరచూ యాక్రిలిక్‌వో పాలీకార్బొనేట్‌వో అయి ఉంటాయి. వాటికి అసిటోన్ తగిలితే సన్నటి బీటలు పుట్టుకొస్తాయి. మరక పోయేలోపు కిటికీ పోతుంది.

మూడోది వేడి. ఈ జిగురు కొవ్వొత్తిలా కరగదు గానీ, వేడికి మెత్తబడి పట్టు సడలిస్తుంది. ఇబ్బందేమిటంటే జెల్‌కోట్ కూడా ఆ వేడికి ఓర్చుకునేది కాదు, పసుపెక్కి బుడగలొస్తుంది. అందుకని హీట్ గన్‌తో డెక్‌నంతా కాల్చే బదులు, సోల్డరింగ్ ఐరన్ మొనని బోల్టు తల మీద ఆన్చి పట్టుకోవడం మేలు. వేడి బోల్టు వెంట దిగి, చిల్లు లోపల ఎక్కడ జిగురుందో అక్కడికే చేరుతుంది. కొంతసేపటికి, స్పానర్‌కి ససేమిరా అన్న బోల్టు మెల్లగా కదులుతుంది. పొగ రానిచ్చారా, ఆపేసి బయటికి రావాలి. పాలియురెథేన్ కాలితే వచ్చే వాయువుల్లో ఐసోసైనేట్లూ హైడ్రోజన్ సైనైడూ ఉంటాయి. పడవ గది కిటికీలు మూసుకుని చేసే పని కాదిది.

బోల్టులన్నీ బయటికొచ్చాక నాలుగోది, తీగ. గిటారులో అన్నిటికన్నా సన్నటి ఉక్కు తీగ తీసుకుని, రెండు కొసలకీ రెండు చెక్కముక్కలు కట్టాలి. క్లీటు అంచు కింద జిగురులోకి దాన్ని దింపి, రంపంలా ఇటూ అటూ లాగాలి. రాపిడికి తీగ వేడెక్కి తన దారి తనే మెత్తబరుచుకుంటుంది. తెల్లటి నుసి రాలుతుంది. మధ్యమధ్య తీగ ఠంగుమని తెగుతుంది. పడవలు కట్టే మరీనాకి కూరా పెరుగన్నం పట్టుకొచ్చిన మా ఆవిడ కాసేపు చూసి, "ఏవండీ, తీగ తెగింది కదా, కచేరీ ఆపి కాస్త తిందురుగాని రండి," అంది. తీగ వెళ్లినంత మేరా వెనకాల ప్లాస్టిక్ వెడ్జ్, అంటే చీలికలాంటి మేకు, దూర్చి, చిన్న సుత్తితో ఓ దెబ్బ వేసి, ఆగాలి. ఈ ఆగడమే అసలు కిటుకు. ఈ జాతి జిగుర్లు ఒక్క ఊపున లాగితే ఎదురు తిరుగుతాయి. అదే కొద్దిపాటి బరువు గంటల తరబడి ఆనుకుని ఉంటే మెల్లగా సాగి చోటిస్తాయి. మేకు దూర్చి ఇంటికెళ్లి, మర్నాడు వచ్చి చూస్తే నిన్న బిగుసుకుపోయిన మేకు వదులుగా ఉంటుంది. ఇంకో మేకు, ఇంకో దెబ్బ. తిన్నగా పైకి లాగకుండా కాస్త పక్కకి తిప్పితే, ఆఖరికి క్లీటు చేతిలోకి వస్తుంది.

తర్వాతది గీకుడు. లోహపు సామాను మీద మొరటుగా ఉండొచ్చు. ఉలి, తీగల బ్రష్షు, దేనికైనా ఓర్చుకుంటుంది. డెక్ మీద మాత్రం ప్లాస్టిక్ బ్లేడే. ముందు పెద్ద పొర లేపి, మిగిలినదాన్ని బొటనవేలితో నలిపి ఉండలు చేసి లాగాలి. ఆఖరి పొరకి నున్నటి ఉప్పుకాగితం. ఒక అంగుళం మేర శుభ్రం కావడానికి పట్టే సేపట్లో మనిషికి తన జీవితంలో అంటుకున్నవన్నీ వరసగా గుర్తుకొస్తాయి.

క్లీటు కింద ఉన్నది చూశాక నా ఆలోచన జిగురు మీంచి మరోదాని మీదికి మళ్లింది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. తల మెరుస్తోంది, అడుగున నట్టు దగ్గర మెరుస్తోంది. నడుమ, డెక్ మందంలో దాగిన చోట, ఎర్రగా తుప్పుపట్టి నడుం సన్నబడిపోయింది. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టకపోవడానికి దాని సొంత బలం కారణం కాదు. అందులో పద్దెనిమిది శాతం దాకా ఉండే క్రోమియం, గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పల్చటి పొర కడుతుంది. గీత పడితే మళ్లీ కడుతుంది. కానీ కట్టడానికి ఆక్సిజన్ కావాలి. గాలి చొరబడని ఇరుకులో, ఉప్పుతడిలో ఉంచితే పొర చిరిగిన చోట మళ్లీ కట్టుకోలేక లోపల్లోపలే కొరుక్కుపోతుంది. గాలాడే చోట ఎండావానా తింటూ ఏళ్లు బతికే లోహం, భద్రంగా మూసిపెట్టిన చోట చస్తుంది.

చిల్లు లోపలి చెక్క గోధుమరంగు పొట్టుగా మారి, వేలు పెడితే తడి తగిలింది. ఇంత గట్టిగా మూసినచోటికి నీళ్లెలా వచ్చాయి? జరిగింది ఊహించడం కష్టం కాదు. అంతకుముందే పాత సీలెంట్ విడిపోయి నీళ్లు దిగి ఉంటాయి. కారుతోందని గమనించిన పెద్దమనిషి, లోపల ఆరిందో లేదో చూడకుండా, పైన ఈ జిగురు వేసి బిగించేశాడు. నీళ్లు రాకుండా వేసిన మూత, అప్పటికే లోపలున్న నీళ్లు పోకుండా వేసిన మూత అయింది. గదిలోకి ఒక్క చుక్క కారలేదు, కాబట్టి అంతా సవ్యంగా ఉందనే ఆయనా అనుకున్నాడు, తర్వాత కొన్న నేనూ అనుకున్నాను.

విప్పలేనిదాన్ని పరీక్షించలేం. పరీక్షించలేనిదాన్ని నమ్మాల్సిందే. నమ్మడం తప్ప గత్యంతరం లేనప్పుడు దాన్ని నమ్మకం అనడం కూడా తప్పే. మంచి అతుక్కి కొలత అది ఎంత లాగుడు ఓర్చుకుందన్నది ఒక్కటే కాదు. పనిపడ్డప్పుడు, ఇరుపక్కలవాటినీ గాయపరచకుండా విడుతుందా అన్నది కూడా. పాతకాలపు ఇళ్లల్లో ఫ్యూజు తీగ మాటిమాటికీ పోతోందని విసుగెత్తి, దాని బదులు లావుపాటి రాగి తీగ చుట్టే మహానుభావుడు ప్రతి వీధిలోనూ ఒకడుండేవాడు. ఆ రోజు నుంచి ఫ్యూజు పోదు. పోవాల్సి వచ్చిన రోజున ఇల్లు పోతుంది. సామాను అడుగున సీలెంట్ ఉండేది ఆ సన్నతీగ ఉద్యోగానికే. అవసరమైతే ముందు పోవాల్సింది అది, పడవ కాదు.

ఇది నా సొంత తెలివేమీ కాదు. మేం పుట్టిన తీరానికి పాత సంగతే. కోరమండల్ ఒడ్డున, మద్రాసుకి రేవు కట్టకముందు, ఓడల్లోంచి మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకి చేర్చినవి మసూలా పడవలు. వాటికి మేకుల్లేవు, లోపల పక్కటెముకల్లాంటి వాసాలూ లేవు. పలకకీ పలకకీ చిల్లులు పొడిచి కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. అల విరిగే చోట ఇసుకకి ఢీకొట్టినప్పుడు మేకులేసి బిగించిన దొరల పడవ పగిలేది. కుట్టిన పడవ వంగి, సర్దుకుని, ఒడ్డెక్కేది. తాడు పాడైతే కుట్టు విప్పి, అవే పలకల్ని మళ్లీ కుట్టుకునేవారు. మన జాలర్ల తెప్ప ఇంకా నిరాడంబరం. దుంగలు తాళ్లతో కట్టి వేటకి వెళ్లడం, వచ్చాక కట్లు విప్పి దుంగల్ని ఇసుక మీద ఆరబెట్టడం. నీళ్లు తాగిన దుంగ బరువెక్కుతుంది గనక ఆరాలి, ఆరాలంటే విడిపోవాలి. కాకినాడ దిగువన తాళ్లరేవు వైపు చెక్క ఓడలు కట్టే వడ్రంగులు పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలమూ నూనే కలిపి మెత్తేవారు. కొన్నాళ్లకి ఆ దూది లాగేసి కొత్తది కూరాల్సిందేనని అందరికీ తెలుసు. అది లోపమని ఎవరూ అనుకోలేదు. ఓడకి అదొక ఖర్చు పద్దు, అంతే.

ఇళ్లూ అంతే. మండువా ఇల్లు విప్పితే దూలాలు, వాసాలు, ద్వారబంధాలు దేనికది విడిగా వచ్చేవి. చెక్క నాలుకని చెక్క గాడిలోకి దింపి, చెక్క సీలతో బిగించిన పని గనక, సీల కొడితే ఊడేది. తాతగారి గుమ్మం మనవడి కొత్త ఇంటికి నిలబడ్డ సందర్భాలు గోదావరి జిల్లాల్లో కోకొల్లలు. సిమెంటు స్లాబు నుంచి మనవడికి దొరికేది రాళ్ల గుట్టే. వయొలిన్ చేసేవాళ్లు ఇప్పటికీ పైపలకని జంతువుల తోలు కాచి తీసిన జిగురుతోనే అంటిస్తారు. దానికన్నా గట్టి జిగుర్లు లేక కాదు. చెక్క ఎండి ముడుచుకున్నప్పుడు పలక చీలకుండా ముందు అతుకు విడాలని. విడినప్పుడు పల్చటి కత్తితో పెట్టె తెరిచి, లోపల బాగుచేసి, మళ్లీ మూయొచ్చు. వందల ఏళ్ల నాటి వయొలిన్లు ఈనాడు కచేరీలో మోగుతున్నాయంటే, వాటి పనివాళ్లు చేసిన పుణ్యాల్లో ఈ బలహీనమైన జిగురొకటి.

ఇంత చెప్పాక, ఊడిపోయే ప్రతిదీ మంచిదేనని తీర్మానిస్తే అదీ పొరపాటే. సిలికోన్ ఉంది. లాగితే రబ్బరు పట్టీలా సుఖంగా వచ్చేస్తుంది. వచ్చేస్తూ డెక్ మీద కంటికి ఆనని జిడ్డుపొర వదిలి వెళుతుంది. ఆ పొర మీద పెయింటు నిలవదు, వేరే జిగురు పట్టదు, ఆఖరికి కొత్త సిలికోనూ సరిగ్గా పట్టదు. తను ఉండదు, తన తర్వాత ఇంకొకర్ని ఉండనివ్వదు. అలాంటి మనుషుల్ని కూడా నేనెరుగుదును. వాళ్లకన్నా వదలనివాళ్లే నయం.

పాలీసల్ఫైడ్ అనే ఇంకో రకం ఉంది. 1920ల్లో కాన్సస్ సిటీలో జోసెఫ్ పాట్రిక్ అనే రసాయన శాస్త్రవేత్త, కారు రేడియేటర్లో నీళ్లు గడ్డకట్టకుండా ఉండే ద్రవం కోసం వెతుకుతుంటే, ఘోరమైన కంపు కొట్టే బంక తయారైంది. అదే తొలి కృత్రిమ రబ్బర్లలో ఒకటైంది. చెక్క పడవల సందులకి ఈనాటికీ దాన్ని ఇష్టపడేవాళ్లున్నారు. దాని మీద పుట్టిన థయోకోల్ కంపెనీ తర్వాత రాకెట్లలోకి వెళ్లింది, స్పేస్ షటిల్‌కి ఘన ఇంధన రాకెట్లు చేసింది. నా పడవ ఉన్న మరీనా నుంచి కొద్ది మైళ్ల దూరంలోనే జాన్సన్ స్పేస్ సెంటర్. ఆ పక్కగా వెళ్లినప్పుడల్లా 1986 జనవరి 28 గుర్తొస్తుంది. చాలెంజర్ షటిల్ రాకెట్ ముక్కల అతుకుల్లో ఉన్న రబ్బరు వలయాలు ఆ ఉదయపు చలికి బిగుసుకుపోయాయి. అతుకు కదిలినప్పుడు దాంతోపాటు కదల్లేకపోయాయి. ఏడుగురు పోయారు. విచారణ సంఘంలో ఉన్న రిచర్డ్ ఫైన్‌మన్ అలాంటి రబ్బరు ముక్కని చిన్న బిగింపులో పట్టి, మంచునీళ్ల గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే తన ఆకారానికి తిరిగి రాకపోవడం అందరి కళ్ల ముందూ చూపించాడు. అతుకులన్నీ కదులుతాయి. రాకెట్‌లోనైనా, అలల మీద చిన్న పడవలోనైనా. అక్కడ కూర్చునేదానికి కావల్సింది మొండితనం కాదు, కదిలి మళ్లీ కుదురుకునే గుణం.

మరి శాశ్వతమైన అతుకు అవసరమైన చోటే లేదా అంటే, ఉంది. పడవ అడుక్కీ డెక్‌కీ మధ్య ఉండే అంచు అలాంటిది. దాన్ని విడదీయడమంటే పడవని పడవ కాకుండా చేయడమే. అక్కడ 5200 లాంటిది ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఒక వస్తువు ఏ అతుకు విడిపోతే ఇక ఆ వస్తువే కాకుండా పోతుందో, ఆ అతుకులకి మాత్రమే శాశ్వతత్వం చెల్లుతుంది. అవి మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. మిగిలినవన్నీ క్లీట్లే. మార్చాల్సినవి, తీసి చూడాల్సినవి, ఇంకోచోటికి జరపాల్సినవి. మనుషుల మధ్య ఒప్పందాలు, సంస్థల నియమాలు, ఇంటి పద్ధతులు కూడా చాలావరకు ఈ రెండో జాబితాలోవే. భయపడ్డ రోజున వాటిని మొదటి జాబితాలో రాసేసుకుంటాం. తర్వాతి తరం పలుగు పట్టుకుని వస్తే, వాళ్లకి మర్యాద తెలియదంటాం. మెత్తగా విప్పే వీలు మనం వదల్లేదన్న సంగతి అప్పుడు గుర్తు రాదు.

క్లీటు సంగతి ముగిస్తాను. వంచిన మేకుని డ్రిల్‌కి బిగించి చిల్లులోకి దింపి తిప్పితే, పైపొరలకి దెబ్బ తగలకుండా నడుమ కుళ్లిన చెక్క మాత్రం బయటికొస్తుంది. దాన్ని బాగా ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని నడుమ కొత్త చిల్లు వేశాను. ఇక ఎప్పుడు సీలెంట్ విడిపోయినా నీళ్లకి తగిలేది ఎపాక్సీయే, చెక్క కాదు. చిల్లు పైఅంచుని కాస్త ఏటవాలుగా చెక్కాను, బోల్టు మెడ చుట్టూ సీలెంట్ వలయంలా కూర్చోడానికి. సీలెంట్‌గా పరిచింది బ్యూటైల్ టేపు. బూడిదరంగు బంక, ఎన్నటికీ గట్టిపడదు. పైన బోల్టు తిరగకుండా పట్టుకుని, కింద నట్టుని రోజుకి కొంచెం చొప్పున బిగిస్తే, అంచుల్లోంచి అది నిదానంగా బయటికి ఉబుకుతుంది. ఉబికినదాన్ని ప్లాస్టిక్ బ్లేడుతో కోసెయ్యడమే. లాగుడంతా మోసేది బోల్టులూ, వాటి కింద వేసిన వెడల్పాటి లోహపు పలకా. టేపుకున్న ఉద్యోగం నీళ్లని ఆపడం ఒక్కటే, అందుకు దానికి ఆ బలం చాలు.

ఈ పడవని నేనూ ఎప్పుడో ఒకనాడు అమ్మేస్తాను. కొన్నవాడు గదిలో వెల్లకిలా పడుకుని, టార్చి నోట కరుచుకుని, ఈ నట్ల దగ్గరికి వస్తాడు. వాడికి నేనెవరో తెలియనక్కర్లేదు. అందుకని లోపలివైపు, నట్ల పక్కనే, చెరగని మార్కర్‌తో వాడికి కావల్సింది రాసిపెట్టాను: బ్యూటైల్, బిగించిన నెలా సంవత్సరం, స్పానర్ 7/16.